లేదు అని రాసిన గడి

మా అవ్వ దేనివల్ల చచ్చిపోయిందో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఊరికి మాత్రం వేరే కారణం చెప్పాను. ఊరు నమ్మింది. నమ్మి, ఏ పాపం ఎరగని ఒక మనిషిని వెళ్ళగొట్టింది.

ఇన్నేళ్ళూ ఇది ఎలా మోశానని మీరు అడుగుతారేమో. మింగలేక, కక్కలేక మోశాను. కానీ నిజం చెప్పాలంటే నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువ. ఆ కోపం మొదట ఒక రైతు మీద పడింది, తర్వాత ఊరి కమిటీ మీద, తర్వాత ఈ లోకంలో రోజుకో భయాన్ని అమ్ముకునేవాళ్ళందరి మీద. తిరిగి తిరిగి నిన్న సాయంత్రం నా మీదకే వచ్చింది. అందుకే ఈ రాత.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో ఎడపల్లి దాటాక కొంచెం లోపలికి ఉంటుంది మా ఊరు. అంత తెలిస్తే చాలు. నేను సర్కారు బడిలో సైన్సు చెప్తాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

అవ్వ అంటే మా వైపు అమ్మ. బాపు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు తోలేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా పోయాడు. ఆ తర్వాత అవ్వ బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఒక పక్కన తంబాకు. తల ఎత్తకుండా చుట్టేది. నా బి.ఎడ్. ఫీజు, హాస్టల్ ఖర్చు, నేను మొదటిసారి బడికి కట్టుకుపోయిన చీర, అన్నీ ఆ చాటలోంచి వచ్చినవే.

రోజు పని అయిపోయాక చాటలో అడుగున కొంచెం తంబాకు పొట్టు మిగిలేది. దాన్ని పెంకు మీద మాడ్చి, నల్లగా నూరి, రేకు డబ్బాలో పోసుకునేది. అదే నల్ల పండ్లపొడి. పొద్దున పళ్ళు తోముకోవడానికని మొదలవుతుంది. ఆ తర్వాత అన్నం తిన్నాక ఒకసారి, బీడీలకు కూర్చునే ముందు ఒకసారి, ఆకలేస్తే ఒకసారి, ఆకలి వేయకపోయినా ఒకసారి. వేలి కొసతో తీసి ఎడమ చెంపలో, కింది చిగురుకు ఆనించి, అట్లాగే ఉంచుకునేది. మా వాడలో ఆడవాళ్ళందరిదీ ఇదే పద్ధతి. చెంప పక్క వేరు కావచ్చు, అంతే.

ఒక సంగతి మీరు తెలుసుకోవాలి. మా వాడలో ఈ పొడిని ఎవరూ తంబాకు అనరు. తంబాకు తింటావా అని అడిగితే మా ఆడవాళ్ళు చెంపలేసుకుంటారు. తంబాకు తినేది మగవాళ్ళు, అది చెడ్డ అలవాటు. ఇది పళ్ళు తోముకునేది, ఇంట్లో సబ్బుబిళ్ళ లాంటిది. తన చేత్తో తంబాకును మాడ్చి నూరిన మనిషి కూడా ఆ డబ్బా మూత పెట్టగానే లోపల తంబాకు ఉన్నదన్న సంగతి మర్చిపోతుంది. అవ్వ అలాగే మర్చిపోయింది. నేను మర్చిపోలేదు. పెంకు మీద అది మాడుతుంటే చిన్నప్పటి నుంచీ ఆ పొగకు దగ్గింది నేనే కదా.

ఉద్యోగం రాగానే అవ్వతో బీడీలు మాన్పించాను. గర్వంగా మాన్పించాను. మా అవ్వ ఇంక తంబాకు ముట్టదని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకున్నాను. చాట పోయింది కాబట్టి పొట్టు కూడా పోయింది. కాబట్టి పొడి కొనాల్సి వచ్చింది. ప్రతి శనివారం బడి అయ్యాక బోధన్ అంగడికి పోయి కొనేది ఎవరనుకున్నారు? నేనే. దుకాణం ముసలాయన మరాఠీ మనిషి. నన్ను చూడగానే "దోన్ కీ తీన్?" అనేవాడు, రెండా మూడా అని. మూడే తీసుకునేదాన్ని, వారమంతా రావాలి కదా. ప్యాకెట్ మీద తెల్లటి పళ్ళ వరస బొమ్మ ఉండేది. ఒక్కనాడూ వెనక్కి తిప్పి చదవలేదు.

ఇక సాయన్న సంగతి. మా పెరటి గోడ అవతల పొలం ఆయనదే. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు చెరకు వేశాడు. అది మూతపడ్డాక వరి, ఒక మడిలో పసుపు. వీపున పంపు వేసుకుని మందు కొట్టేవాడు. ముక్కుకు గుడ్డ ఉండేది కాదు, చేతులకు తొడుగుల మాటే లేదు. పని కాగానే కాలువలో చేతులు కడుక్కుని అదే గట్టు మీద సద్ది తినేవాడు. గాలి ఇటు తిరిగితే ఆ వాసన మా వంటింట్లోకి వచ్చేది. తల తిరిగినట్టు ఉండేది. నేను గోడ మీదుగా అరిచేదాన్ని. ఆయన పంపు ఆపి, "గాలి సూసుకోని కొడ్త సెల్లె" అనేవాడు. తర్వాత నిజంగానే గాలి చూసుకుని, చాలాసార్లు తెల్లవారక ముందే, మేము తలుపు తీయక ముందే కొట్టుకునేవాడు. ఆ సంగతి నేను కమిటీలో చెప్పలేదు.

ఆ రోజుల్లో నాకు ఒక పేరుండేది, మందుల టీచరమ్మ అని. చక్కెర విషం, యూరియా అన్నం విషం, అల్యూమినియం గిన్నె విషం, సెల్ టవర్ విషం. ఫోన్లో ఏది వస్తే అది పిల్లలకు చెప్పేదాన్ని. పిల్లలు అట్టల మీద పుర్రె బొమ్మలు గీసి తెచ్చేవాళ్ళు. మహిళా సంఘాలవాళ్ళు పిలిచి మైకు ఇచ్చేవాళ్ళు. నా ఎదురుగా కూర్చుని తలలూపే ఆడవాళ్ళలో సగం మందికి చెంపలో పొడి ఉండేది. చప్పట్లు కొట్టే ముందు పక్కకు తిరిగి ఉమ్మి వచ్చేవాళ్ళు. అంత కళ్ళెదుట ఉన్నదాన్ని నేను చూడలేదా? చూశాను. చూసి, యూరియా గురించి మాట్లాడాను. యూరియాను తిడితే చప్పట్లు వస్తాయి. వాళ్ళ చెంపలో ఉన్నదాన్ని తిడితే మళ్ళీ మైకు రాదు.

అవ్వ నోట్లో తెల్లటి మచ్చ వచ్చింది. కారం తగిలితే మంట అనేది. నిజామాబాద్‌లో ఒక ఉచిత శిబిరం పెడితే తీసుకుపోయాను. ముందు ఒక ఫారం నింపమన్నారు. అవ్వకు చదువు రాదు కాబట్టి నేనే నింపాను. పేరు, వయసు, పని. తర్వాత ఒక గడి. పొగాకు అలవాటు ఉన్నదా. అక్కడ పెన్ను ఆగింది. ఎంతసేపు? ఒక ఊపిరి తీసి వదిలినంతసేపు. వరసలో నా వెనకాల మా బడి పిల్లల తల్లులు ఇద్దరు నిలబడి ఉన్నారు. "లేదు" అని రాశాను. గుండ్రటి అక్షరాలతో, బోర్డు మీద రాసినట్టు.

లోపల ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. అవ్వ చెంప లాగి చూసి, చిగురు మీద తెల్లటి గుడ్డ పెట్టి రుద్దింది. గుడ్డ నల్లగా వచ్చింది. ఆమె అవ్వను ఏమీ అనలేదు. నన్ను పక్కకు పిలిచింది. ఇది మాడ్చిన పొగాకు, టీచర్ అంటున్నారు, మీకు తెలియదా అంది. మచ్చ సరిగ్గా పొడి పెట్టే చోటనే ఉంది చూడండి అంది. ఈ రోజు నుంచే పొడి మాన్పించమంది. వారం లోపల పెద్దాసుపత్రికి తీసుకుపోయి ముక్క తీయించి పరీక్ష చేయించమంది. ఫారం నా చేతికే ఇచ్చి, వెంట తీసుకుపోండి, ఆ గడి మాత్రం దిద్దండి అంది. దిద్దుతానన్నాను. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

వారం లోపల నేనేం చేశానో తెలుసా? పదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీకి పోయాను. ఎవరి పిల్లల తప్పులకో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. తర్వాత ఎండలు ముదిరాయి, ఎండల్లో ముసలిదాన్ని ఎక్కడ తిప్పుతామనుకున్నాను. తర్వాత బడులు తెరిచారు. పసుపు, తేనె కలిపి మచ్చకు పట్టించాను. రసాయనం లేని వైద్యం కదా. శనివారం వస్తే మూడు ప్యాకెట్లు కూడా పట్టుకొచ్చాను. అడిగిందని తెచ్చాను. అడిగితే తేకుండా ఎట్లా ఉండాలని అప్పుడు అనిపించింది. ఈ వాక్యం రాస్తుంటే నా చెయ్యి నాకే నచ్చడం లేదు.

మూడు నెలలకు మెడలో గడ్డ కనబడింది. అప్పుడు పరుగెత్తాను. పరీక్షలో క్యాన్సరేనని తేలింది. ముదిరిందన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రెండో రోజు అవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో రేకు డబ్బా. మూత తీయలేదు. నన్ను పిలిచింది. ఆ మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు నేను.

"బిడ్డా, ఒక మాట అడుగుత. నిజం జెప్పు."

"అడుగవ్వా."

"గీ పండ్లపొడితోని అయిందా నాకు? గా డాక్టరమ్మ గుడ్డ సూసి మొకం అదోతీరు వెట్టింది."

"దాంతోని ఏం గాదవ్వా. ఎన్నేండ్ల సంది వెట్టుకుంటలేవు?"

"మరి దేంతోని అయింది?"

"ఎనుక పొలంల మందు కొడ్తలేరా. గా వాసన రోజు మన ఇంట్లకే గదా వచ్చేది. దాంతోనే."

అవ్వ పెరటి గోడ వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి సాయన్న గూడ పీలుస్తుండు గద బిడ్డా. నాకంటె ఎక్వ పీలుస్తుండు. గాయిన నోట్లె ఏం గాలేదేంది?"

బడి మొహం చూడని మనిషి. నేను పదిహేనేళ్ళు పిల్లలకు నేర్పాల్సిన ప్రశ్న, ఒక్కసారి కూడా నేర్పని ప్రశ్న, గడప మీద కూర్చుని ఆమె అడిగింది. ఒక్కొక్కరికి ఒక్కో తీరు అవ్వా అని ఏదో గొణిగాను.

"నువ్వు సదువుకున్నదానివి. నీకు ఎర్కుంటది" అని డబ్బా మూత తీసి, చిటికెడు తీసి, ఆ పుండు పక్కనే పెట్టుకుంది.

నేను చూస్తూ నిలబడ్డాను. ఎందుకు చెప్పలేకపోయాను? ఆమె మనసు కష్టపడుతుందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కన్నతల్లి మీద ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. కాదు. అవును అంటే ఆమె తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి నువ్వెందుకు తెచ్చిచ్చినవు బిడ్డా? ఆ ప్రశ్నకు భయపడ్డాను. నా చేతి సంచీలో వచ్చిన చావు అది. నన్ను చదివించిన తంబాకే ఆమెను తింటోందంటే, నా చదువును ఏ కళ్ళతో చూసుకోను? గోడ అవతలి మందు అయితే సుఖం. ఆ పంపు నా వీపున లేదు కదా.

అవ్వకు చెప్పిన అబద్ధం అవ్వ దగ్గర ఆగి ఉంటే ఇంత రాయకపోదును. అది గోడ దాటింది.

మా ఊర్లకు గ్రామాభివృద్ధి కమిటీలు ఉంటాయి. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు నేను వివరించనక్కర్లేదు. బయటివాళ్ళకు ఒక మాట. ఆ కమిటీకి చట్టంలో ఏ బలమూ లేదు, ఊళ్ళో మాత్రం దాని మాటకు ఎదురు లేదు. కట్టుబాటు పెట్టారంటే ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు, కూలికి పోరు, దుకాణంలో ఉప్పు కూడా ఇవ్వరు. మా కమిటీవాళ్ళు నన్ను పిలిపించారు. నిజం చెప్పాలంటే పిలిపించేలా చేసుకున్నాను. వాడలో అందరితో అంటూ వచ్చాను, అది వాళ్ళ చెవిన పడింది.

ఆ పంచాయితీ గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. అధ్యక్షుడి చెంపలో గుట్కా. పక్కన కూర్చున్న ఇద్దరి వేళ్ళ మధ్య బీడీలు. గురివింద గింజలన్నీ ఒక్కచోట చేరి, నలుపు ఎవరిదని విచారణ పెట్టాయి. సాయన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందరు కొట్టే మందే నేను కొట్టిన అన్నాడు. ఆయన భార్య రాజవ్వ దూరంగా అరుగు కింద కూర్చుని ఉంది. అధ్యక్షుడు లేచి పోయి, గోడకు ఉమ్మి వచ్చి, "ముసలమ్మకు బీడీ సిగరెట్టు అలవాటు ఉన్నదా టీచరమ్మా?" అని అడిగాడు.

నేను బ్యాగులోంచి ఫారం తీసి ఇచ్చాను. శిబిరంలో రాసింది. దిద్దుతానని దిద్దనిది. ఆయన పైకి చదివాడు. పొగాకు అలవాటు, లేదు. డాక్టర్ కాగితమే చెప్తుంటే ఇంకేముంది అన్నారు. అది డాక్టర్ రాసింది కాదు, నా చేతిరాత. ఆ అక్షరాలు ఆ గుంపులో సగం మంది పిల్లల నోటుబుక్కుల్లో రోజూ ఉండేవే. ఎవరూ గుర్తుపట్టలేదు. కోపంతో ఉన్నవాళ్ళు కాగితాన్ని అంత దగ్గరగా చూడరు.

సాయన్న మీద కట్టుబాటు పెట్టారు. నాట్లకు ఒక్క కూలి మనిషి పోలేదు. పిండి గిర్నీవాడు ఆ ఇంటి గోధుమలు పట్టనన్నాడు. బోరు చెడిపోతే బాగుచేసే మనిషి రాలేదు. నారుమడి కళ్ళెదుటే ముదిరిపోయింది. పండుగకు కూడా ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవలేదు. ఒక ఏడాది ఓర్చుకున్నాడు. తర్వాత పొలం అడ్డికి పావుసేరుకు అమ్మేసి, గోదావరి దిక్కు మెండోరకు, రాజవ్వ పుట్టింటి ఊరికి పోయాడు. సామాను ట్రాక్టర్‌లో వేసుకుని పోతుంటే నేను కిటికీ రెక్క వేసుకున్నాను.

అంతకు చాలా ముందే అవ్వ పోయింది. చివరి రోజుల్లో మాట సరిగ్గా రాకపోయేది. సాయన్న ఎందుకు కనబడడం లేదని సైగ చేసి అడిగింది. ఊరికి పోయిండని చెప్పాను.

ఆ తర్వాత చదివాను. ముందు చదవాల్సినవన్నీ తర్వాత చదివాను. నేను రసాయనాలను వెనకేసుకొస్తున్నానని మీరు అనుకోవద్దు. ఆ మందులు నీళ్ళు కావు. ఒంటి మీద గుడ్డ కూడా సరిగ్గా లేకుండా వాటిని కొట్టేవాళ్ళకు కీడు ఉంది, ఆ కీడు మొదట సాయన్నకే. ఆయనకు చేతి తొడుగులు ఇవ్వని లోకం మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఏ విషాన్నయినా మూడు ప్రశ్నలు అడగాలి కదా. ఎంత? ఎన్నాళ్ళు? ఒంట్లో ఏ చోట తగిలింది? గోడ దాటి వచ్చిన వాసన, అది కూడా పంటకు నాలుగు రోజులు. చెంపలో చిగురుకు ఆనించి పెట్టిన మాడు తంబాకు, రోజుకు ఆరుసార్లు, ముప్పై ఏళ్ళు. పుండు లేచింది ఎడమ చెంపలో, పొడి కూర్చున్న గుంటలో. గాలి మా ఇంటికి వచ్చి, మనుషులందరినీ వదిలి, అవ్వ ఎడమ చెంపను వెతుక్కుని పోయి కూర్చుంటుందా? ఆరో తరగతి పిల్లవాడు ఈ జవాబు రాస్తే నేను సున్నా వేసేదాన్ని.

మన కోపానికి ఒక గుణం ఉంది. దానికి పరాయివాడు కావాలి. ఫ్యాక్టరీ పొగ, మందుల కంపెనీ, పక్క పొలం, ఎక్కడిదో టవర్. హోటల్ దగ్గర బీడీ వెలిగించుకుని, కూరగాయల్లో మందులు కలుపుతున్నారని వాపోయే మగవాళ్ళను చూస్తే ఇప్పటికీ రెండు చెంపలు వాయించాలనిపిస్తుంది. మన జేబులో ఉన్నది, మన డబ్బాలో ఉన్నది, మనం ప్రేమగా కొనుక్కొచ్చి చేతికిచ్చేది, అది చంపుతుందంటే ఎవరికీ వినబుద్ధి కాదు. ఆ పొడికి పళ్ళ బొమ్మ వేసి అమ్మేవాడి మీద కూడా కోపమే. వాడికి అబద్ధం చెప్పడం వ్యాపారం. నాకేం వచ్చింది? నేను జీతం తీసుకునేది నిజం చెప్పడానికి.

ఇవన్నీ తెలిసి కూడా నోరు మూసుకున్నాను. తేలు కుట్టిన దొంగకు ఉన్న తెలివి అది. రసాయనాల ఉపన్యాసాలు మాత్రం మానేశాను. బదిలీ పెట్టుకుని వేరే బడికి పోయాను. అడిగినవాళ్ళకు ఓపిక లేదని చెప్పాను.

నిన్న నా బీపీ గోలీల కోసం నిజామాబాద్ ఆసుపత్రికి పోయాను. వరండాలో ఎవరో "సెల్లె" అన్నారు. సాయన్న. జుట్టు మొత్తం తెల్లబడింది. పక్కన బెంచీ మీద రాజవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

రాజవ్వ నోట్లో తెల్లటి మచ్చ వచ్చిందట. చూపించుకోవడానికి మెండోర నుంచి వచ్చారు. నన్ను చూసి ఆయన మొహం విప్పారింది. కోపం కోసం వెతికాను, లేదు. "సదువుకున్నదానివి, గిండ్ల ఏం రాసిన్రో సూడు" అని కాగితం చేతిలో పెట్టాడు. ఫారం. వేరే రంగు, వేరే ముద్ర. మధ్యలో అదే గడి. పొగాకు అలవాటు, లేదు. రాజవ్వను అడిగి ఎవరో రాశారు. రాజవ్వ అబద్ధం చెప్పలేదు. తంబాకు తింటావా అంటే లేదనే అంటుంది. కొంగు తీసి చూపించమన్నాను. కింది చిగురు నల్లగా ఉంది.

ఒక మాట మాత్రం అన్నాను. "అన్నా, వదినెతోని గా పండ్లపొడి బంద్ వెట్టియ్యి."

ఆయన వింతగా చూశాడు. "పండ్లపొడితోని ఏమైతది సెల్లె? మీ అవ్వ గూడ వెట్టుకునేది గద. మీ అవ్వకు దాంతోని గాలేదంటివి. కమిటీల కాగితం గూడ సూపిస్తివి."

గొంతు తగ్గించాడు. రాజవ్వ వినకూడదనుకున్నట్టు నాకు దగ్గరగా వచ్చాడు.

"నా మందుతోనే సెల్లె. మీ అవ్వను నేనే సంపిన. నా బట్టలు ఉతికి ఉతికి దీనికి గూడ వట్టింది. మందు మానేసి ఎన్నేండ్లాయె, అయినా ఇడ్వలేదు. నాకు రోజు మీ అవ్వ యాదికొస్తది. తప్పయింది సెల్లె, మాఫ్ జెయ్యి."

రెండు చేతులూ జోడించాడు, వరండాలో, అందరి ముందు.

నేనేమన్నానో చెప్పకపోతే ఈ ఒప్పుకోలుకు అర్థం లేదు. పొలం అమ్ముకున్నవాడు, ఊరు పోగొట్టుకున్నవాడు, చేయని పాపానికి ఎనిమిదేళ్ళు మొక్కుతున్నవాడు నా ఎదుట చేతులు జోడిస్తే, "పోనీ అన్నా, మనసుల వెట్టుకోకు" అన్నాను. ఆయనను క్షమించాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు మెత్తగా కూడా ఉంది. లోపలి నుంచి రాజవ్వ పేరు పిలిచారు. వాళ్ళు లేచి పోయారు. నేను గోలీలు తీసుకోకుండా బస్సెక్కాను.

బస్సులో ఒక్కటే తిరిగింది బుర్రలో. నా అబద్ధం ఇంకా పని చేస్తోంది. అవ్వను తీసుకుపోయింది, సాయన్నను ఊరు దాటించింది, ఇప్పుడు రాజవ్వ చెంపలో ఆ పొడికి కాపలా కూర్చుంది. డాక్టర్ ఈసారి గుడ్డ పెట్టి రుద్ది చెప్పినా సాయన్న నమ్మడు. టీచరమ్మ అవ్వకు దాంతో కాలేదు కదా అంటాడు. ఆయనకు డాక్టర్ కంటే నేను ఎక్కువ. ఈ ముడి నేను వేసింది, విప్పాల్సింది కూడా నేనే. రాజవ్వది ఇంకా మచ్చే. గడ్డ కాలేదు. అవ్వవి నేను తినేసిన మూడు నెలలు ఆమెకు ఇంకా మిగిలి ఉన్నాయి.

రేపు పొద్దున మొదటి బస్సుకు పోతున్నాను. ఆర్మూర్, బాల్కొండ, అక్కడ దిగి మెండోరకు ఆటో. ఫోన్లో చెప్పొచ్చు. ఫోన్లో చెప్తే ఆయన మొహం చూడక్కర్లేదు కాబట్టి ఫోన్లో చెప్పను. ముందు రాజవ్వ పొడి సంగతి, తర్వాత అవ్వ సంగతి, తర్వాత కమిటీ సంగతి. ఈ వరసలో చెప్పాలనుకుంటున్నాను. అక్కడి నుంచి తిరిగొచ్చి మా కమిటీ ముందు కూడా ఇదే చెప్తాను. సాయన్న తిడతాడో, కొడతాడో, అసలు నమ్మనే నమ్మడో. క్షమించమని అడగను. నిన్న నేను ఆయనను క్షమించిన తీరు చూశాక ఆ మాట మీద నాకే అసహ్యం వేస్తోంది. ఆయన పొలం రాదు. ఆ ఏడాది రాదు. అవ్వ రాదు. నాకు శాంతి రావాలని నేనూ అనుకోవడం లేదు. ఇది మీతో చెప్పాక మాత్రం ఊపిరి కొంచెం కిందిదాకా ఆడుతోంది. అంతవరకే.

ఇందాక అవ్వ ఫారం పెట్టె అడుగు నుంచి తీశాను. మడతల దగ్గర చిరిగింది, అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను పక్కనే ఉంది. ఆ గడిలో "లేదు" కొట్టేసి, దాని కింద రాశాను. ఉంది. ముప్పై ఏళ్ళు. ఎడమ చెంప. తెచ్చిచ్చింది కూతురు.